నెలల తరబడి ఒకే చోట ఉండే జట్టును నడపడం: అంటార్కిటికా మంచు మీద నేర్చుకున్నవి

కల్వకుర్తి వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. హిమాచల్‌లో ఒక రోడ్డు పనికి సూపర్‌వైజర్‌గా వెళ్లాడు. అతని కింద పద్నాలుగు మంది, ఎక్కువమంది పాలమూరు వాళ్లే. మొత్తం ఎనిమిది నెలల పని. మొదటి రెండు నెలలు బాగానే గడిచాయట. మూడో నెల నుంచి చిన్న మాటకే కొట్లాటలు మొదలయ్యాయి. ఒక కుర్రాడు ఎవరికీ చెప్పకుండా బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు తన మాట లెక్క చేయడం లేదంటాడు. "అన్నా, మీరు అంటార్కిటికాలో జట్లను నడిపారు కదా. అంత చలిలో, అన్ని నెలలు మనుషుల్ని ఎలా కలిపి ఉంచారు? నాకే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ధైర్యం ఎలా తెచ్చుకోవాలి?" అని అడిగాడు.

తమ్ముడూ, నువ్వు జట్టు గురించి ఒకటి, నీ మనసు గురించి ఒకటి అడిగావు. రెండింటికీ నా జవాబు ఒకటే. వేళకు తిండి, సరిపడా నిద్ర, వంతులు ఎవరివి ఎప్పుడన్నది, ఎక్కడ ఆగిపోవాలన్న నియమం, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. వీటిని కష్టం రాకముందే కుదుర్చుకున్న జట్టు, కష్టం వచ్చిన రోజు నిలబడుతుంది. వీటిని వదిలేసి రోజూ పొద్దున వరసగా నిలబెట్టి ధైర్యం మాటలు చెబితే, ఆ మాటలు వారానికే పాతబడిపోతాయి. నేను ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మాది దేవరకొండ దగ్గరి ఊరు. తాడు పట్టడం నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీద. తర్వాత పర్వతారోహణ శిక్షకుడినయ్యాను, ఆ పని మీదే మన దేశం పంపే అంటార్కిటికా యాత్రలతో వెళ్లాను. శాస్త్రవేత్తలను, సామాన్ల కాన్వాయ్‌లను మంచు మీద క్షేమంగా తీసుకెళ్లి తీసుకురావడం నా పని. చలికాలం కూడా అక్కడే గడిపాను.

అక్కడ ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. మన మొదటి యాత్ర డాక్టర్ ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో 1981 డిసెంబరులో గోవా నుంచి బయలుదేరి 1982 జనవరిలో అంటార్కిటికా చేరింది. ఆ తర్వాత మంచు పలక మీద కట్టిన మన మొదటి స్టేషన్ దక్షిణ గంగోత్రి కొన్నేళ్లకే మంచులో కూరుకుపోయింది. అందుకే 1989లో మైత్రి స్టేషన్‌ను షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతినేల మీద కట్టారు. 2012లో మరోచోట భారతి స్టేషన్ వచ్చింది. అక్కడ కాలాలు మనకు తలకిందులు, మన చలికాలమే వాళ్ల ఎండాకాలం. ఆ ఎండాకాలం పని ముగిసి అందరూ వెళ్లిపోయాక మైత్రిలో ఓ పాతిక మంది మిగులుతారు. ఇక నవంబరు దాకా మనిషి రాడు, విమానం రాదు. మే చివరి నుంచి జులై చివరి దాకా, రెండు నెలలు సూర్యుడే కనిపించడు. గాలి గంటకు 100 కిలోమీటర్లు దాటి వీస్తే పక్క షెడ్డుకు వెళ్లడానికి కూడా కట్టిన తాడు పట్టుకునే నడవాలి. ఎవరికి ఎవరి మీద కోపం వచ్చినా, రాత్రికి మళ్లీ అదే టేబుల్ దగ్గర అన్నం తినాలి. నీ క్యాంపులో కుర్రాడు బస్సెక్కి వెళ్లిపోగలిగాడు. మా దగ్గర ఆ దారి కూడా లేదు.

ముందు తిండి సంగతి. 1898లో బెల్జికా అనే ఓడ అంటార్కిటికా దగ్గర సముద్రపు మంచులో ఇరుక్కుపోయింది. ఆ ప్రాంతంలో చలికాలమంతా గడిపిన మొదటి జట్టు వాళ్లదే. పొద్దు కనిపించకుండా పోయాక మనుషులు ఒక్కొక్కరే కుంగిపోయారు, నిద్రలు పోయాయి, ఇద్దరు ముగ్గురికి మతి చలించింది. పైగా తాజా తిండి లేక వచ్చే స్కర్వీ జబ్బు. ఓడ డాక్టర్ ఫ్రెడరిక్ కుక్ పెంగ్విన్, సీల్ మాంసం తాజాగా తినమన్నాడు. కెప్టెన్‌కు అది గిట్టలేదు. చివరికి మనుషులు మంచం పట్టాక ఆయన కూడా ఒప్పుకున్నాడు, తిన్నవాళ్లు తేరుకున్నారు. కుక్ ఇంకో పని చేశాడు. నీరసించినవాళ్లను రోజూ కొంతసేపు మండే పొయ్యి ముందు కూర్చోబెట్టి వెలుగు, వేడి తగిలేలా చూశాడు. మనసుకు వైద్యం అంటే ఆయన దగ్గర ఉన్నవి ఇవే: తాజా తిండి, వెలుగు, నడక, రోజూ ఒక వేళకు ఒక పని.

మైత్రిలో కూడా ఇదే చూశాను. స్టేషన్‌లో లీడర్ తర్వాత అంత బరువు మోసేది వంటమనిషే. ఆదివారం దోసె ఉంటుందని శుక్రవారం నుంచే మాట్లాడుకునేవాళ్లు. చీకటి నెలల్లో రోజుకూ రోజుకూ తేడా తెలియదు. అప్పుడు ఆదివారం దోసె, బుధవారం సినిమా, జూన్ 21న చలికాలం నడిమిరోజు విందు, ఇవే రోజులను వేరు చేసి చూపించేవి. ఆ జూన్ 21ని ఖండంలోని అన్ని దేశాల స్టేషన్లూ పండగలా చేసుకుంటాయి, ఒకరికొకరు శుభాకాంక్షలు పంపుకుంటారు. నీ క్యాంపులో వంట ఎవరు చేస్తున్నారు? రోజూ అన్నం, ఆలుగడ్డ కూరేనా? మన వాళ్లకు వారానికి రెండుసార్లయినా జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఒకరోజు కోడికూర పడేటట్టు చూడు. కంపెనీ ఇచ్చే మెస్ డబ్బులు చాలకపోతే దానికోసం పై అధికారితో కొట్లాడు. నువ్వు చేయగలిగిన మొదటి పెద్ద పని ఇదే. ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే నమ్మకు.

ఇప్పుడు కొట్లాటల గురించి. ఒక చలికాలంలో ఇద్దరి మధ్య గొడవ గోంగూర పచ్చడి సీసా దగ్గర మొదలైంది. ఒకతను ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాను రాత్రి ఎవరో సగం ఖాళీ చేశారు. ఫలానా అతనే అని ఇతని అనుమానం. మాటలు పెరిగి, ఇద్దరూ ఒకరు భోజనానికి వస్తే ఇంకొకరు లేచి వెళ్లే దాకా వచ్చింది. అందరూ పచ్చడి గురించే మాట్లాడుకున్నారు. నేను వెళ్లి డ్యూటీ చార్ట్ చూశాను. సీసా పోగొట్టుకున్నతను మూడు వారాలుగా రాత్రి జనరేటర్ డ్యూటీలో ఉన్నాడు. మధ్యలో ఒకరు జబ్బుపడటంతో వంతు మారలేదు, ఎవరూ గమనించలేదు, అతను అడగలేదు. నిద్ర లేని మనిషికి పచ్చడి సీసా దొరికింది, అంతే. స్టేషన్ లీడర్‌కు చెప్పి వంతులు సరిచేయించాం. ఎవరు తిన్నారన్న విచారణ పెట్టలేదు. వారం తిరిగేసరికి వాళ్లిద్దరూ క్యారమ్ బోర్డు దగ్గర ఉన్నారు.

అందుకే, నీ క్యాంపులో కొట్లాట జరిగితే ఎవరిది తప్పు అని పంచాయితీ పెట్టే ముందు మూడు చూడు. ఆ ఇద్దరూ గత వారం ఎంతసేపు నిద్రపోయారు, బరువు పని ఎవరి మీద ఎక్కువ పడుతోంది, ఇంటి నుంచి ఎవరికి ఏం కబురు వచ్చింది. నూటికి తొంభై గొడవలకు మూలం వీటిలోనే ఉంటుందని నా నమ్మకం.

మాట వినడం లేదన్నావు. మైత్రిలో గ్యాలీ డ్యూటీ అని ఒకటి ఉంటుంది. వంతుల వారీగా ఒక్కొక్కరు ఒక రోజు వంటమనిషికి సాయం చేయాలి, గిన్నెలు తోమాలి, భోజనాల గది తుడవాలి. డాక్టరైనా, శాస్త్రవేత్తయినా, లీడరైనా వంతు తప్పదు. లీడర్ మోచేతుల దాకా సబ్బు నురగతో గిన్నెలు తోముతుంటే చూసినవాళ్లు, మర్నాడు ఆయన బయటికి వెళ్లొద్దంటే ఎందుకని అడగరు. నువ్వు సూపర్‌వైజర్‌వని పని మానేసి కుర్చీలో కూర్చోవడం లేదని నాకు తెలుసు. కానీ క్యాంపులో అందరూ తప్పించుకునే పని ఏదో ఒకటి ఉంటుంది. నీళ్ల ట్యాంకు కడగడమో, మరుగుదొడ్డి శుభ్రం చేయడమో. ఆ వంతుల పట్టికలో నీ పేరు కూడా రాసి గోడకు అతికించు. మొదటి వంతు నీదే పెట్టుకో.

మీ పాలమూరుకు ఈ విద్య కొత్త కాదు. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు గుంపులు ఉండేవి, గుంపు మేస్త్రీ వెంట ఉండేవాడు. ముందే అడ్వాన్సు ఇచ్చి కూలీలను తీసుకెళ్లే ఆ పద్ధతి ఎన్నో కుటుంబాలను అప్పులో కట్టేసింది, దాన్ని నేను పొగడను. కానీ మంచి మేస్త్రీల దగ్గర ఒక గుణం ఉండేదని మా ఊరి పెద్దలు చెప్పేవారు. గుంపులో ఎవరి బిడ్డకు పెళ్లి కుదిరింది, ఎవరి ఎద్దు చచ్చింది, ఎవరి తల్లికి మోకాళ్ల నొప్పి అన్నది వాళ్లకు తెలుసు. నీకు ఆ పద్నాలుగు మంది ఇళ్ల సంగతులు తెలుసా? తెలియకపోతే ఈ నెలలో తెలుసుకో. నోట్‌బుక్ పట్టుకుని అడగకు, పక్కన కూర్చుని టీ తాగుతూ అడుగు.

నడక గురించి ఒక మాట. మంచు మీద కొత్తవాళ్లు చలి అని గబగబా నడుస్తారు. చెమట పడుతుంది, ఆగగానే ఆ చెమట లోపలి బట్టల్లో గడ్డకడుతుంది, ఒంట్లో వేడి పోతుంది. చలి ప్రదేశంలో చెమట ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే బయలుదేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించేటట్టే బట్టలు వేయించేవాణ్ణి, తాడుకు కట్టుకున్న వాళ్లలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాడు ఎంత నడిస్తే అంతే నడిపించేవాణ్ణి. ప్రతి గంటకూ ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. ముక్కు మీద, బుగ్గ మీద మైనం లాంటి తెల్లమచ్చ కనిపిస్తే ఫ్రాస్ట్‌బైట్, అంటే మంచుదెబ్బ, మొదలైందన్న మాట. దాన్ని రుద్దకూడదు, చేతి తొడుగు తీసి వెచ్చని అరచేయి ఆనించి ఉంచాలి. తన మొహం తనకు కనిపించదు కాబట్టి ఆ మచ్చ పక్కవాడే చూడాలి. నీ జట్టులో కూడా ఇద్దరిద్దరిని జత చేసి, ఒకరి హెల్మెట్, ఒకరి బెల్టు ఇంకొకరు చూసే అలవాటు చేయించు. పక్కవాడి బాధ్యత చేతిలో ఉన్నవాడు తన విసుగు కొంత మర్చిపోతాడు, నేను చూశాను.

దక్షిణ ధ్రువాన్ని మొదట చేరిన రోల్డ్ అమండ్‌సన్ కథలో ఈ వేగం గురించి ఒక ఘట్టం ఉంది, దాన్ని తక్కువమంది చెబుతారు. 1911 సెప్టెంబరు 8న, పోటీగా వచ్చిన బ్రిటిష్ జట్టు నాయకుడు స్కాట్ తనకంటే ముందు వెళ్తాడేమోనన్న తొందరలో, చలి తగ్గకముందే మరో ఏడుగురితో బయలుదేరాడు. మైనస్ 56 డిగ్రీలు. కుక్కలు చచ్చిపోసాగాయి, మనుషుల మడమలకు మంచుదెబ్బ తగిలింది. వెనక్కి తిరగాల్సి వచ్చింది. ఆఖరి రోజు అమండ్‌సన్ బలమైన కుక్కలున్న స్లెడ్జి మీద ముందు వెళ్లిపోయాడు, జట్టు చెల్లాచెదురైంది. ప్రెస్ట్రూడ్ అనే అతను పాదాలు గడ్డకట్టి వెనకబడ్డాడు. జట్టులోని యాల్మార్ యోహాన్సన్ అతని కోసం ఆగి, అర్ధరాత్రి దాటాక స్థావరానికి చేర్చాడు. మర్నాడు పొద్దున యోహాన్సన్ అందరి ముందే లీడర్‌ను నిలదీశాడు. అమండ్‌సన్ అతన్ని ధ్రువయాత్ర నుంచి తీసేశాడు. అక్టోబరులో మరో నలుగురితో మళ్లీ బయలుదేరి డిసెంబరు 14న ధ్రువం చేరాడు. తయారీలో అమండ్‌సన్‌ను మించినవాడు లేడు, ఆ మాట నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయినా సెప్టెంబరులో సరిగ్గా చేసింది యోహాన్సనే. నీ జట్టులో ఎవడైనా నలుగురి ముందు నిన్ను తప్పుపడితే, వాడు ఎవరి కోసం మాట్లాడుతున్నాడో ముందు చూడు. వెనకబడ్డవాడి కోసం అయితే వాణ్ణి దగ్గర ఉంచుకో.

ఎక్కడ ఆగాలన్నది ముందే రాసుకోవాలి. ఇది నా వృత్తిలో ప్రాణం లాంటిది. మైత్రి నుంచి సముద్రపు అంచు దాకా దాదాపు 100 కిలోమీటర్లు మంచు మీద వాహనాల్లో వెళ్లాలి. దారి పొడవునా వెదురు కర్రలకు జెండాలు కట్టి ఉంటాయి. పక్కన ఎక్కడ లోతైన చీలిక ఉందో తెలియదు, పైన సన్నటి మంచు పొర కప్పేసి ఉంటుంది. మా నియమం ఒకటే. వెనక జెండా కనిపిస్తూ ముందు జెండా కనిపించకపోతే అక్కడికక్కడ ఆగిపోవాలి. ఒకసారి సగం దారిలో వైట్‌ఔట్ పట్టింది. ఆకాశం, నేల ఒకే తెలుపు అయిపోయి, నిలబడ్డ మనిషికి తన బూట్లు ఎత్తు మీద ఉన్నాయో పల్లంలో ఉన్నాయో తెలియని స్థితి. ఆపేశాం. మాతో వచ్చిన ఒక కుర్ర పరిశోధకుడికి ఆ రెండు రోజుల్లోనే ఓడ దగ్గర పరికరం అందుకోవాలి. "జీపీఎస్ ఉంది కదా, మెల్లగా పోదాం" అన్నాడు. బతిమాలాడు, తర్వాత కోపగించుకున్నాడు. నేను వాదించలేదు. బయలుదేరే ముందు అందరం సంతకాలు పెట్టిన కాగితం తీసి అతని చేతికిచ్చాను. అందులో అతని సంతకం కూడా ఉంది. రెండో రోజు సాయంత్రానికి గాలి తగ్గాక చూస్తే, మా వాహనం ముందు మంచు చదునుగానే ఉంది. చీలిక ఏమీ లేదు. "చూశారా, వెళ్లి ఉండొచ్చు" అన్నాడతను. అవును, వెళ్లి ఉండొచ్చు. అయినా మళ్లీ అలా జరిగితే మళ్లీ ఆపుతాను. ఆగడం సరైనదా కాదా అన్నది ఆగిన నిమిషంలో మనకు తెలిసిన దాన్ని బట్టి తేల్చాలి. తర్వాత బయటపడ్డదాన్ని బట్టి తేల్చితే ఏ లీడరూ ఇంకెప్పుడూ ఆగలేడు.

బ్రిటిష్ యాత్రా నాయకుడు షాకల్టన్ 1909 జనవరి 9న దక్షిణ ధ్రువానికి దాదాపు 180 కిలోమీటర్ల దూరంలో వెనుదిరిగాడు. అప్పటికి అంత దూరం ఎవరూ వెళ్లలేదు. ముందుకు పోతే ధ్రువం దొరికేది, తిరిగిరావడానికి తిండి చాలేది కాదు. నలుగురూ ప్రాణాలతో తిరిగొచ్చారు. ఆ తిరుగు ప్రయాణంలో అందరూ ఆకలితో మాడుతున్న ఒక రోజు, తన వంతు బిస్కట్‌ను జట్టులోని ఫ్రాంక్ వైల్డ్‌కు బలవంతంగా తినిపించాడు. వైల్డ్ దాన్ని తన డైరీలో రాసుకున్నాడు, వేల పౌండ్లు పోసినా ఆ బిస్కట్‌కు సాటి రాదని. ఏడేళ్ల తర్వాత, 1916లో, ఇంకో యాత్రలో తన ఓడ ఎండ్యూరెన్స్ మంచులో నలిగి మునిగిపోయాక, షాకల్టన్ ఐదుగురితో చిన్న పడవలో సాయం కోసం 1300 కిలోమీటర్ల సముద్రం దాటాడు. మిగిలిన 22 మందిని ఎలిఫెంట్ దీవిలో ఎవరికి అప్పగించాడు? ఆ వైల్డ్‌కే. నాలుగు నెలలకు పైగా, బోర్లించిన పడవల కింద బతుకుతూ, వైల్డ్ రోజూ పొద్దున పడకలు చుట్టించేవాడు, బాస్ ఇవాళ రావచ్చని చెప్పేవాడు. ఆగస్టు 30న ఓడ వచ్చింది, 22 మందీ బతికే ఉన్నారు. చాలామంది ఆ పడవ ప్రయాణాన్నే గొప్పగా చెబుతారు. నాకు వైల్డ్ పనే ఎక్కువ కష్టం అనిపిస్తుంది. చేయడానికి ఏమీ లేని చోట, రోజూ పడకలు చుట్టించడం.

ఇంకోటి. మంచు మీద డేరాలు వేసుకున్నప్పుడు, సణిగేవాళ్లను, జట్టు మనసు విరగ్గొట్టగలవాళ్లను షాకల్టన్ తన డేరాలోనే పెట్టుకున్నాడు. పడవ ప్రయాణానికి కూడా, అంతకుముందు తన మాటకు ఎదురు తిరిగిన వడ్రంగి మెక్‌నిష్‌ను వెంట తీసుకెళ్లాడు. పడవను సముద్రానికి తగ్గట్టు బాగుచేసింది ఆ వడ్రంగే. నీ దగ్గర గొణిగేవాడు ఎవడో వాడి పడక నీ గదిలో వేయించు.

ఇంటి నుంచి చెడు కబురు వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పకపోతే ఈ జవాబు సగమే. మాతో చలికాలం గడిపిన జనరేటర్ మెకానిక్ ఒకతను నల్లగొండ జిల్లా మనిషే. జూన్‌లో, పూర్తి చీకటిలో ఉండగా, అతని నాన్న చనిపోయారని కబురు వచ్చింది. వెళ్లే దారి లేదు. స్టేషన్ లీడర్ వేరే రాష్ట్రం ఆయన. "నీ భాషలో నువ్వు చెప్పు, నేను పక్కన ఉంటాను" అన్నారు. రేపు చెబుదాం, భోజనం అయ్యాక చెబుదాం అని కొందరన్నారు. ఆలస్యం చేయొద్దని నేను పట్టుబట్టాను. పాతిక మంది ఉన్న చోట ఒక కబురు ఇరవై నాలుగు మందికి తెలిసి ఒకరికి తెలియకుండా ఉంటే, అది అతనికి తర్వాత తెలిసిపోతుంది, మళ్లీ ఎవరినీ నమ్మడు. కూర్చోబెట్టి ఒక్క వాక్యంలో చెప్పాం. ఫోన్ కలిపి, మాట్లాడినంతసేపు మాట్లాడనిచ్చాం. ఆ రాత్రి అతని డ్యూటీ వేరొకరు చేశారు, ఒకరు అతని గదిలోనే పడుకున్నారు.

పదో రోజు అతను గుండు చేయించుకోవాలన్నాడు. డాక్టర్ గారు కత్తెరతో తల కురచ చేసి, రేజర్‌తో గీశారు. కాకికి ముద్ద పెట్టాలి. అక్కడ కాకి లేదు, ఆ చీకట్లో ఏ పక్షీ లేదు. పైగా అంటార్కిటికా ఒప్పందం ప్రకారం అన్నం మెతుకు కూడా బయట వదలకూడదు. అతను కాసేపు ఆలోచించి, ఇంటికి ఫోన్ చేయమన్నాడు. ఊళ్లో తమ్ముడు చెరువు గట్టున ముద్ద పెడుతూ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇతను ఇక్కడ వింటున్నాడు. చాలాసేపటికి "వచ్చింది అన్నా, ముట్టింది" అని తమ్ముడు అన్నాడు. ఇతను ఫోన్ పెట్టేసి భోజనాల గదిలోకి వచ్చాడు. అతని నాన్నకు ఏం ఇష్టమో అడిగి తెలుసుకుని వంటమనిషి పప్పుచారు పెట్టాడు. అందరం కలిసి తిన్నాం. తర్వాతి వారం అతను తనే జనరేటర్ డ్యూటీ అడిగి తీసుకున్నాడు.

నీ క్యాంపు నుంచి వెళ్లే దారి ఉంది కాబట్టి ఇలాంటి కబురు వస్తే పంపించు. టికెట్ డబ్బులు, దారి ఖర్చు అప్పటికప్పుడు చేతిలో పెట్టేందుకు కంపెనీతో ముందే మాట్లాడి కొంత విడిగా ఉంచు. సెలవు దొరుకుతుందన్న నమ్మకం ఉన్నవాడు చెప్పకుండా పోడు.

ఇంకో హెచ్చరిక. ఇలా మూసి ఉన్న చోట్ల పనిచేసే జట్లను చూసిన పరిశోధకులు, గడువులో సగం దాటాక, మూడో పావులో మనుషులు ఎక్కువగా కుంగుతారని 1991లోనే రాశారు. అన్ని జట్లలోనూ ఇది కనిపించదు. కానీ నేను చూసిన చలికాలాల్లో ఆగస్టు, సెప్టెంబరే గడ్డుగా ఉండేవి. సూర్యుడు తిరిగొచ్చాక, అందరూ ఇక తేలిక అనుకున్నాక. నీ ఎనిమిది నెలల పనిలో అది ఐదో నెల, ఆరో నెల. అంటే అసలు కష్టం ఇంకా ముందుంది. నాలుగో నెల ముగిసే రోజున పని ఆపి ఒక పూట విందు పెట్టు. ఆ రెండు నెలలకు పని వంతులు కొంచెం తేలిక చేయగలిగితే ఇప్పుడే ప్లాన్ చెయ్యి. అప్పుడు వచ్చే విసుగు తమ ఒక్కరిదే కాదని వాళ్లకు ముందే చెప్పు.

నీ మనసు గురించి. ధైర్యం పుట్టుకతో వచ్చేదయితే భువనగిరి గుట్ట దగ్గర నాకు పని ఉండేది కాదు. ఆ గుట్ట మీదే శిక్షణ మొదలుపెట్టిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. మరో గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్ ఆమెతో పాటే ఎక్కాడు. వాళ్లను మొదట గుట్ట మీద, తర్వాత డార్జిలింగ్‌లో, ఆ తర్వాత లడఖ్ చలిలో మెట్టు మెట్టుగా తయారు చేశారు. కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు నేను పైకి ఎక్కేవాణ్ణి కాకుండా కింద తాడు పట్టుకున్నవాణ్ణి చూస్తాను. పైవాడు పది నిమిషాలు ఇరుక్కుపోతే, కిందివాడు మెడ నొప్పి పుట్టినా కళ్లు తిప్పకుండా, తాడు వదులు కాకుండా ఉన్నాడా? అలాంటి వాళ్లు ఎక్కడైనా పనికొస్తారు. నీ జట్టులో అలాంటివాడు ఒక్కడైనా ఉంటాడు. వాణ్ణి గుర్తించి సగం బాధ్యత అప్పగించు. వైల్డ్ లేని షాకల్టన్ లేడు.

నిద్ర పట్టడం లేదంటే, రాత్రి పడుకున్నాక నిర్ణయాలు తీసుకుంటున్నావని అర్థం. భోజనం తర్వాత పది నిమిషాలు కూర్చుని రేపటి పని, రేపటి భయం రెండూ కాగితం మీద రాసి మూసెయ్యి. రాత్రి గుర్తొచ్చినవి తెల్లారాక చూద్దువు. జట్టులో లేని మనిషి ఒకరితో, అన్నో, దోస్తో, భార్యో, వారానికోసారి మనసు విప్పి మాట్లాడు. జట్టు ముందు కంగారు చూపించకు, కానీ విషయం దాచకు. జీతాలు ఆలస్యమవుతాయంటే ఆ రోజే చెప్పు, ఏ తారీఖుకు కనుక్కుని చెబుతావో కూడా చెప్పు, ఆ తారీఖున ఏమీ తెలియకపోయినా ఏమీ తెలియలేదని వెళ్లి చెప్పు. ఇలా చేశాక కూడా రెండు మూడు వారాలు నిద్ర రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లు. మైత్రికి పంపే ముందు మాకు కూడా మనసుకు సంబంధించిన పరీక్షలు చేసేవారు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇక వెళ్లిపోయిన కుర్రాడు. వాడికి ఈ వారంలోనే ఫోన్ చెయ్యి. తిరిగి రమ్మని అడగకు, ఎందుకు పోయాడో అడుగు, చెప్పింది మధ్యలో అడ్డుపడకుండా విను. వాడికి రావాల్సిన కూలి లెక్క కట్టి పంపించు, పంపినట్టు మిగిలిన వాళ్లకు కూడా తెలియనివ్వు. ఏం చెప్పాడో నాకు రాస్తే, వంతుల పట్టిక ఎలా వేయాలో ఇద్దరం కలిసి చూద్దాం.